పండగ డబ్బులు ఎండాకాలం నీళ్లకి

హనుమకొండ నుంచి ఒకావిడ ఇలా అడిగారు: "మా కాలనీలో మిద్దెతోటలు వేసుకునేవాళ్లం ఇరవై ఆరు మందిమి ఒక గ్రూపుగా ఉన్నాం. ఈ ఏడాది పండగలకి స్టాల్ పెట్టి, వచ్చిన డబ్బుతో దగ్గర్లోని ప్రభుత్వ పాఠశాలలో తోట వేద్దామనుకుంటున్నాం. ఏం అమ్మాలి? ఎంత రావచ్చు? లక్కీ డ్రా పెడితే బాగా వస్తుందని కొందరు అంటున్నారు. అమెరికాలో ఉన్న మా పిల్లలు కూడా పంపుతామంటున్నారు, తీసుకోవచ్చా?"

మీ ప్రశ్న చదవగానే మా మొదటి ఏడాది గుర్తొచ్చిందండీ. నేను హైదరాబాద్‌లో మా కాలనీ తోట బృందంతో పదకొండేళ్లుగా పనిచేస్తున్నాను. ఆ మొదటి ఏడాది జులైలో ఒక ప్రభుత్వ బడిలో 60 మొక్కలు నాటాం. గుంతలు తీయించాం, పశువుల ఎరువు వేశాం, ప్రతి మొక్కకీ కర్ర పాతి దాని మీద ఒక్కో పిల్లవాడి పేరు రాశాం. వానలకి అన్నీ చిగురు పెట్టాయి. సంక్రాంతి దాకా కళకళలాడాయి. జూన్ 12న బడి తెరిచిన రోజు వెళ్లి చూస్తే తొమ్మిదే మిగిలాయి. మిగతా చోట్ల పేర్లు రాసిన కర్రలు మాత్రం నిలబడి ఉన్నాయి. అయిదో తరగతి పిల్ల ఒకతె తన పేరున్న కర్ర దగ్గర కూర్చుని, ఎండిన కొమ్మని గోటితో గీకి లోపల పచ్చగా ఉందేమో చూసింది. లోపల కూడా గోధుమరంగే. ఆ పిల్ల మమ్మల్ని ఏమీ అడగలేదు, లేచి లైన్లోకి వెళ్లిపోయింది. ఆ రోజు ఇంటికొచ్చి అన్నం సహించలేదు నాకు.

అందుకే ఏం అమ్మాలన్నది పక్కనపెట్టి, డబ్బు దేనికి కావాలో ముందు తేల్చుకోండి. మొక్కలకి డబ్బు అక్కర్లేదు. మీ ఇరవై ఆరు మంది మిద్దెల మీదున్న కొమ్మలు, విత్తనాలు, పిలకలతోనే ఒక బడికి సరిపడా మొక్కలు తయారవుతాయి. డబ్బు కావాల్సింది ఏప్రిల్, మే నెలల్లో రోజూ నీళ్లు పోసే మనిషికి. తెలంగాణలో ఇటీవలి ఏళ్లలో బడులకి ఏప్రిల్ 24 నుంచి జూన్ 11 దాకా సెలవులు ఇస్తున్నారు. లెక్కేయండి, 49 రోజులు. మీ ఓరుగల్లు ఎండల్లో ఏడాది నిండని మొక్క 49 రోజులు నీళ్లు లేకుండా బతకదు. పొద్దున గంట, గంటన్నర పనికి రోజుకి 150 రూపాయలు ఇచ్చినా 7,350 అవుతుంది. మొదళ్ల దగ్గర కప్పడానికి ఎండుగడ్డి, నాలుగైదు గజాల పైపు, కొన్ని మట్టి కుండలు కలిపితే పదివేలు దాటుతుంది. మీ మొదటి ఏడాది లక్ష్యం ఆ పది, పన్నెండు వేలే పెట్టుకోండి. అది పక్కన పడ్డాకే రెండో బడి మాట. శ్రావణం నుంచి ఉగాది దాకా పండగల్లో పోగుచేసి ఏప్రిల్‌లో ఖర్చుపెట్టేలా చూసుకుంటే సరిపోతుంది.

ఇక ఏం అమ్మాలన్న సంగతి. అన్నిటికంటే మాకు బాగా కలిసొచ్చింది శ్రావణమాసం. వరలక్ష్మీ వ్రతానికి పేరంటాళ్లకి ఇచ్చే వాయనంలో తాంబూలం, రవికెగుడ్డ, నానబెట్టిన శనగలతో పాటు ప్లాస్టిక్ డబ్బానో, స్టీలు గిన్నెనో పెడుతుంటారు కదా. దాని బదులు ఒక మొక్క ఇమ్మని చెప్పాం. తులసి, మరువం, తమలపాకు, పసుపు, ఈ నాలుగే. నాలుగూ పూజకి పనికొచ్చేవి, చిన్న కుండీలో బతికేవి, ఎవరింట్లోనూ వద్దనిపించనివి. ఒక్కో ఇంటివాళ్లు పది, పదిహేను చొప్పున తీసుకుంటారు కాబట్టి స్టాల్ పెట్టి ఎండలో నిలబడే పని లేదు. ముందే ఆర్డరు తీసుకుని, గురువారం సాయంత్రం ఇంటికి చేర్చడమే.

దీనికి కాలం ముఖ్యం. తులసి విత్తనాలు ఏరువాక పున్నమి నాటికి ప్రోట్రేల్లో, అంటే నారు పోసే గుంతల ట్రేల్లో పడాలి. తమలపాకు తీగని ఒక్కో కణుపుకీ ఒక ఆకు ఉండేలా కోసి, కణుపు మట్టిలోకి పోయేలా గుచ్చి నీడలో పెడితే నాలుగైదు వారాల్లో వేళ్లు పడతాయి. పసుపు కొమ్ములు అప్పటికే మొలక కన్ను ఉబ్బి ఉన్నవి ఏరుకోవాలి. మరువం తొందరగా వేరు పడుతుంది, ఆషాఢం మధ్యలో గుచ్చినా శ్రావణానికి అందుతుంది. 98 గుంతల ప్రోట్రే ఒకటి తీసుకుంటే అందులో ఇరవై దాకా పోతాయనుకునే వేసుకోండి. మాకు కుండీ, మట్టి, కొబ్బరిపొట్టు, వర్మీకంపోస్టు అన్నీ కలిపి ఒక్కో మొక్కకి 15 నుంచి 18 రూపాయలు పడేది, 50కి ఇచ్చేవాళ్లం. 200 మొక్కలు అమ్ముడైతే ఆరు వేలు పైనే మిగులుతుంది. అంటే మీ లక్ష్యంలో సగం శ్రావణంలోనే తీరిపోతుంది.

ఇక్కడ ఇంకో మాట చెప్పాలి. రెండో ఏడాది మేం తొందరపడి కడియం నర్సరీల నుంచి మొక్కలు టోకున తెప్పించాం. మొక్కలు బంగారంలా ఉన్నాయి, తప్పు మాదే. దసరా సెలవుల్లో స్టాల్ పెట్టాం, ఊళ్లకి పోయేవాళ్లే గానీ కొనేవాళ్లు లేరు. మిగిలిన మొక్కల్ని ఎవరి మిద్దె మీద పెట్టాలి, ఎవరు నీళ్లు పోయాలి అన్న దగ్గర మాటా మాటా పెరిగింది. ఇద్దరు గ్రూపు వదిలి వెళ్లిపోయారు. వాళ్లలో ఒకావిడ మాకు గులాబీ అంట్లు కట్టడం నేర్పిన మనిషి. ఆమె గ్రూపు వదిలి వెళ్లడం ముందు ఆ డబ్బు నష్టం ఏమంత పెద్దది కాదు. అందుకని కొని అమ్మడం వద్దు. పెంచి, అడిగినవాళ్లకి మాత్రమే ఇవ్వండి.

తర్వాత వినాయక చవితి. చాలామంది వెంటనే మట్టి వినాయకులు అమ్మేద్దాం అంటారు. హైదరాబాద్‌లో హెచ్‌ఎండీఏ లాంటి సంస్థలు ఏటా మట్టి విగ్రహాలు ఉచితంగానే పంచుతాయి. ఉచితంగా దొరికేదానికి మనం వెల కట్టి కూర్చుంటే ఎవరు కొంటారు? బదులుగా చవితికి ముందు ఆదివారం పిల్లలకి మట్టి వినాయకుణ్ణి చేయడం నేర్పండి. చెరువు మట్టి జల్లెడ పట్టి, రెండు రోజుల ముందే నానబెట్టి, బాగా పిసికి ముద్దలు చేసి ఉంచాలి. మనిషికింత అని చిన్న రుసుము పెట్టొచ్చు. బడి పిల్లల్ని కూడా పిలిచి వాళ్ల దగ్గర ఏమీ తీసుకోకుండా కూర్చోబెట్టండి. తోట ఎవరికోసమో మీ కాలనీ పిల్లలకి అప్పుడే తెలుస్తుంది.

చవితికి అసలు గిరాకీ ఉన్నది పత్రికి. పొద్దున్నే బజారుకి వెళితే కట్టలో ఏముందో కూడా చూడకుండా కొనుక్కొస్తాం. విప్పితే నాలుగైదు రకాల ఆకులే ఉంటాయి. ఏకవింశతి పత్రాల్లో, అంటే పూజకి చెప్పిన ఇరవై ఒక్క ఆకుల్లో మాచి, వాకుడు, మారేడు, గరిక, ఉమ్మెత్త, రేగు, ఉత్తరేణి, తులసి, మామిడి, గన్నేరు, విష్ణుక్రాంత, దానిమ్మ, మరువం, వావిలి, జాజి, జమ్మి, రావి, మద్ది, జిల్లేడు ఇవన్నీ కాస్త తిరిగితే మన చుట్టుపక్కలే దొరుకుతాయి. దేవదారు హిమాలయాల చెట్టు, మనకి రాదు. ఆ పేరుతో ఇక్కడ అమ్మేది చాలావరకు నరమామిడి ఆకు. గండకీ అంటే ఏ మొక్కో రకరకాలుగా చెబుతారు. మేం ప్యాకెట్ మీద ఆ సంగతి రాసే ఇస్తాం: "ఇందులో 19 రకాలున్నాయి, ఈ రెండూ లేవు" అని. ఒక్కో ఆకుకీ దారంతో చిన్న చీటీ కడతాం. సంస్కృతం పేరు, మనం పిలిచే పేరు, రెండూ. ఒక పెద్దాయన ఆ చీటీలు దాచుకుని మర్నాడు మనవణ్ణి వెంటబెట్టుకుని ఖాళీ స్థలాల్లో ఉత్తరేణి వెతికించారట. అది విన్నాక ఆ రాత్రి చీటీలు కడుతూ పడ్డ నడుం నొప్పి మర్చిపోయాం.

రెండు జాగ్రత్తలు. ఉమ్మెత్త, గన్నేరు, జిల్లేడు విషం, ఆ చీటీ ఎర్ర సిరాతో రాయండి, చిన్నపిల్లలున్న ఇంటికి నోటితో కూడా చెప్పండి. రెండోది, పండగ ముందు రోజు ఊళ్లనుంచి పత్రి మోసుకొచ్చి రోడ్డు పక్కన కూర్చునే ముసలమ్మలున్నారు. వాళ్ల పొట్ట మీద కొట్టకూడదు. మేం గరిక, మారేడు, రేగు, వావిలి వాళ్ల దగ్గరే కొంటాం, బేరం ఆడకుండా. మన వంతు పని ఏరడం, గుర్తుపట్టడం, చీటీ కట్టడం. అదే లెక్కన బతుకమ్మకి గునుగు, తంగేడు అమ్మే ఆలోచన అసలు పెట్టుకోకండి. సద్దుల బతుకమ్మ ముందు ఆ పూలమ్మితే వచ్చే డబ్బు కోసం ఎదురుచూసే కుటుంబాలు మీ జిల్లా నిండా ఉన్నాయి. కావాలంటే బడి గోడ పక్కన జులైలో బంతి నారు పోయించండి, పిల్లల బతుకమ్మకి వాళ్ల పూలే అవుతాయి.

లక్కీ డ్రా మాత్రం వద్దండీ. డబ్బు తీసుకుని టికెట్లు అమ్మి, చీటీ తీసి బహుమతి ఇవ్వడమంటే చట్టం దృష్టిలో అది లాటరీ. అనుమతి లేని లాటరీ నడపడం నేరం. మంచిపనికే కదా అంటే కుదరదు. దాని బదులు వేలం పెట్టుకోండి. మనవాళ్లకి వేలం పాట కొత్త కాదు, బాలాపూర్ గణేశుడి లడ్డూ వేలం 1994లో 450 రూపాయలతో మొదలైందని అందరికీ తెలుసు. మీ కాలనీ మండపం కమిటీని ముందే అడిగి, నిమజ్జనం రోజు లడ్డూ వేలం అయ్యాక మీ మిద్దె మీద కాసిన గుమ్మడికాయో, మొదటి కాపు సీతాఫలాల బుట్టో వేలానికి పెట్టండి. మేం ఒకసారి ఒక పెద్ద బూడిద గుమ్మడికాయ పెట్టాం. అది ఏ ఇంటి మిద్దె మీద కాసిందో, డబ్బు ఏ బడికి వెళుతుందో మైకులో చెప్పాం. పాడినాయన కాయ తీసుకుని, మరుసటి ఆదివారం బడికొచ్చి గుంతలు కూడా తవ్వాడు.

కార్తీకంలో వనభోజనాలు ఉండనే ఉన్నాయి. ఉసిరి చెట్టున్న తోటకి వెళ్లి, మనిషికింత అని రుసుము పెట్టి, ఉసిరి మొక్క ఒకటి చేతికిచ్చి పంపండి. వంట మాత్రం ఎవరి గిన్నె వాళ్లు తెచ్చుకునేలా చూసుకోండి. బయటివాళ్లకి తిండి పదార్థాలు అమ్మాలంటే ఆహార భద్రతా చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉండాలి. పచ్చళ్ల స్టాల్ పెడదామనే వాళ్లకి కూడా ఇదే చెప్పండి. సంక్రాంతికి డబ్బు పెద్దగా రాదు, కాకపోతే భోగికి ఎండాకులు మంటల్లో వేయకుండా మాకివ్వండని ఇంటింటికీ గోనెసంచి ఇవ్వండి. ఆ ఆకులే మేలో మొక్కల మొదళ్లకి కప్పు. ఉగాదికి వేపపువ్వు దులిపి, పుల్లలు ఏరి, చిన్న పొట్లాలు కట్టి ఇస్తే అపార్ట్‌మెంట్లలో ఉండేవాళ్లు సంతోషంగా తీసుకుంటారు.

డబ్బు ఎక్కడ పెట్టాలి అన్నది మీరు అడగలేదు గానీ, గ్రూపులు చెడేది అక్కడే. ఒకరి సొంత ఫోన్ నంబరుకి క్యూఆర్ కోడ్ పెట్టొద్దు. ఎంత నిజాయతీపరులైనా ఆరు నెలలకి ఎవరో ఒకరు ఒక మాట అంటారు, ఆ మనిషి నొచ్చుకుంటారు. రిజిస్టర్ కాని గ్రూపు పేరుతో బ్యాంకులో ఖాతా తెరవడం కష్టం. మీ కాలనీ సంక్షేమ సంఘం రిజిస్టరై ఉంటే, దాని ఖాతాలో "తోట నిధి" అని వేరే పద్దు పెట్టేలా తీర్మానం రాయించుకోండి. చెక్కు మీద ఇద్దరి సంతకాలు. మేం అమ్మకం జరిగిన రోజు రాత్రే పద్దు పుస్తకం పేజీ ఫోటో తీసి వాట్సాప్‌లో పెడతాం, అంకె తప్పు పడితే కొట్టివేత కూడా అలాగే కనిపిస్తుంది. తర్వాత పని పెరిగితే సొసైటీగా రిజిస్టర్ చేసుకోవచ్చు, అందుకు కనీసం ఏడుగురు సభ్యులు ఉండాలి. మొదటి ఏడాది దాని టెన్షన్ పెట్టుకోకండి.

అమెరికా పిల్లల విషయం జాగ్రత్తగా వినండి. వాళ్లది ఇంకా మన పాస్‌పోర్టే అయితే, తమ సొంత సంపాదన నుంచి మామూలుగా బ్యాంకు ద్వారా పంపింది విదేశీ విరాళం కిందికి రాదు. పాస్‌పోర్టు నకలు ఒకటి తీసి ఫైల్లో పెట్టుకోండి చాలు. అక్కడి పౌరసత్వం తీసుకున్నవాళ్లయితే, ఓసీఐ కార్డు ఉన్నా సరే, అది విదేశీ విరాళమే. ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) అనుమతి లేని సంఘం దాన్ని తీసుకోకూడదు. కడుపున పుట్టిన పిల్లలే కదా అని సంఘం ఖాతాలో వేయించుకుంటే ఇబ్బంది పడేది సంఘం. ఎన్నారై పిల్లల్ని నేను డబ్బు కంటే వేరేది అడుగుతాను: సెలవులకి వచ్చినప్పుడు ఒక పూట బడికి రండి అని.

బడి దగ్గర చేయాల్సింది కొంత ఉంది. ముందు ప్రధానోపాధ్యాయుల్ని కలవండి, పాఠశాల యాజమాన్య కమిటీలో మాట్లాడించి కాగితం మీద అనుమతి తీసుకోండి. బడి పెరటితోటల మీద కేంద్రం 2019లోనే మార్గదర్శకాలు ఇచ్చింది, కాబట్టి మీరు అడిగేది కొత్త సంగతేం కాదు. ఆ తర్వాత తప్పకుండా మధ్యాహ్న భోజనం వండే అమ్మల్ని కలవండి. ఏం వేస్తే మీకు పనికొస్తుంది అని అడగండి. మేం మొదటిసారి అడగలేదు, క్రోటన్లు, గుల్‌మొహర్ వేసి వచ్చాం. రెండోసారి అడిగితే వంటమ్మ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు, "కరివేపాకు, మునగ, రెండు నిమ్మచెట్లు వేయండమ్మా" అంది. దాంతో పాటు గోంగూర, బచ్చలి, పొన్నగంటి వేశాం. ఇప్పుడు పప్పులోకి ఆకు అక్కడే కోస్తారు. తన వంటకి పనికొచ్చే చెట్టుకి ఆవిడే నీళ్లు పోస్తుంది, పోసే వీలు లేని రోజు మాకు ఫోన్ చేస్తుంది.

మొక్కల సంఖ్య తగ్గించండి. 60 కాదు, మొదటి ఏడాది 20 చాలు. ఒక్కో మొక్క పక్కన జానెడు దూరంలో పెయింట్ వేయని కొత్త మట్టి కుండని మూతి వరకు పాతి, నీళ్లు నింపి మూత పెట్టండి. కుండ గోడల్లోంచి నీళ్లు మెల్లగా ఊరి వేరుకి అందుతాయి, పైన మట్టి ఎండినా లోపల చెమ్మ ఉంటుంది. రోజూ పోయలేని చోట రెండు మూడు రోజులకోసారి నింపినా మొక్క తట్టుకుంటుంది. మూత లేకపోతే దోమలు గుడ్లు పెడతాయి, మర్చిపోకండి. మార్చి మధ్యలో ఒంటిపూట బడులు మొదలయ్యేలోపే భోగినాడు దాచిన ఆకుల్ని మొదళ్లకి అరచేయి మందాన పరవండి, కాండానికి మాత్రం తగలకూడదు.

నీళ్లు పోసే మనిషిని ఫిబ్రవరిలోనే మాట్లాడుకోండి. బడి పక్కింట్లో ఉండేవాళ్లయితే మంచిది. డబ్బు నెలాఖరున కాకుండా వారం వారం ఇవ్వండి, ఇచ్చేటప్పుడు మీలో ఒకరు తప్పకుండా వెళ్లి చెట్లు చూసి రావాలి. మేం ఏడు వారాలకి ఏడుగురి పేర్లు రాసి పెట్టుకుంటాం. ఎండకి భయపడి ఒక్క వారం మానేసినా ఆ వారమే మోటారు చెడిపోతుంది, అనుభవంతో చెబుతున్నాను.

ఆ మొదటి బడిలో మళ్లీ వేసిన మునగచెట్టు ఇప్పుడు బడి గోడ దాటింది. కర్ర దగ్గర కూర్చున్న పిల్ల ఇంటర్ కూడా దాటిపోయి ఉంటుంది, మళ్లీ కనబడలేదు. ఆ కర్రలు మాత్రం మా షెడ్డులో ఇంకా ఉన్నాయి, పారేయబుద్ధి కాలేదు.

మీరు ముందుగా ఒక పని చేసి నాకు రాయండి. బడిలో కుళాయి ఎన్ని అడుగుల దూరంలో ఉంది, నీళ్లు ఏ పూట వస్తాయి, సెలవుల్లో గేటు తాళం ఎవరి దగ్గర ఉంటుంది, ఈ మూడూ కనుక్కోండి. వాటిని బట్టి ఇరవై మొక్కలు ఎక్కడెక్కడ పెట్టాలో గీసి పంపుతాను.